భీమవరం చుట్టూ మెరకలు, ఊళ్ళల్లో తాళాలు: డెల్టా పట్టణాల్ని ఎక్కణ్ణుంచి బాగుచేసుకోవాలి?

ఉండికాలువ గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారమండి. మాది ఉండి దగ్గర పల్లె, కాపురం భీమవరం పాత పట్టణంలో. ఇక్కడ రెండు గోదావరి జిల్లాల వాళ్ళూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

మా పల్లెలో పెద్ద వీధిలో సగం ఇళ్ళకు తాళాలే. పెద్దవాళ్ళు పోయాక సంక్రాంతికి నాలుగు రోజులు తీస్తారు, మళ్ళీ వేసేస్తారు. ఊరి చివర పేటలో ఆడవాళ్ళు కువైట్‌లో, మగవాళ్ళు హైదరాబాద్ తాపీ పనుల్లో. 2001 నుంచి 2011 దాకా పదేళ్ళలో ఉమ్మడి పశ్చిమ గోదావరి జనాభా 38 లక్షల నుంచి 39.4 లక్షలకే పెరిగింది, అంటే మూడున్నర శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్రం మొత్తం 11 శాతం పెరిగింది. మిగతా వాళ్ళు ఎటు వెళ్ళారో మనకి తెలుసు.

పోనీ, పల్లెలో తగ్గినవాళ్ళు భీమవరంలో తేలారా అంటే, 2011 లెక్కలో పట్టణం 1.42 లక్షలే. కొత్త కట్టడాలన్నీ చినఅమిరం, రాయలం వైపు. మొన్నటిదాకా సార్వా, దాళ్వా పండిన చేలలో మెరక చేయడానికి మట్టి తోలి, రాళ్ళు పాతి, కమాను కడుతున్నారు.

నా బాధ ఆ మట్టి గురించే. మా ఇల్లు నాన్నగారు కట్టినప్పుడు రోడ్డు మీంచి మూడు మెట్లెక్కితే అరుగు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత పొర గీకకుండా దాని మీదే కొత్త పొర పోశారు. ఇప్పుడు అరుగు రోడ్డులో కలిసిపోయింది, గుమ్మం రోడ్డుకంటే జానెడు కింద ఉంది. వాన పడితే కాలవలోని మురుగు హాల్లోకి వస్తుంది. పక్కింటివాళ్ళు గదుల్లో మట్టి పోసి గచ్చు లేపుకున్నారు. దాంతో కిటికీలు మోకాళ్ళ ఎత్తుకి వచ్చాయి, మధ్య గది ద్వారబంధం తలకి తగులుతోంది, ఫ్యాను రెక్కలు చూస్తే భయం వేస్తుంది. లేపుకునే స్తోమత లేనివాళ్ళు అయినకాడికి అమ్ముకుని పోతున్నారు.

పట్టణాభివృద్ధి అని డబ్బు వస్తే మొదటి రూపాయి ఎక్కడ పెట్టాలి? పాత వీధుల్లోనా, కొత్త లేఅవుట్లలోనా?

అయిదు సెంట్ల స్థలం

గట్టు గారూ, నేను అటు కొనుక్కున్నవాడినే. పాత పట్టణంలో కారు తిరగదు, ఇంటి ముందు చెట్టు వేసే చోటు లేదు, రెండు సెంట్ల ఇంటికి నలుగురు వాటాదార్లు. నాకు ఇద్దరు పిల్లలు, అమ్మకి మోకాళ్ళ నొప్పి. మెట్లు లేని ఇల్లు, గాలి వచ్చే వీధి కావాలనుకోవడం తప్పా? మెరక తోలకపోతే మా ఇల్లు మునుగుతుంది. మరేం చేయమంటారు?

కంబాలచెరువు సెంటర్

రాజమండ్రి నుంచి రాస్తున్నాను. మా పాత ఊరి కష్టం వేరు. కోటగుమ్మం నుంచి మెయిన్ రోడ్డు పొడవునా నడవండి. కింద కొట్లు కిటకిట, తల పైకెత్తితే మేడలన్నీ ఖాళీ. ఒకప్పుడు కింద వ్యాపారం, పైన కాపురం. ఇప్పుడు పైన అట్టపెట్టెలు, పాత తూకాలు, పావురాలు. షావుకారు కుటుంబం దానవాయిపేటకో హైదరాబాద్‌కో మారిపోయింది. రాత్రి తొమ్మిది దాటితే ఆ వీధిలో మనుషులు ఉండరు. ఊరికి నడుమ, నీళ్ళూ కరెంటూ రోడ్డూ అన్నీ ఉన్న చోట వందల గదులు ఖాళీగా పెట్టుకుని, ఊరవతల పొలాల్లో మళ్ళీ పైపులు వేసుకుంటూ వెళ్తున్నాం.

మాకు డబ్బు పుష్కరాల పేరుతో వస్తుంది. 2003లో వచ్చింది, 2015లో వచ్చింది, 2027కి వస్తోంది. ఆ డబ్బు గట్టు దాటి ఊళ్ళోకి రాదు. ఘాట్లకు రాళ్ళు, రంగులు, దీపాలు. 2015 జూలై 14న పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగింది మర్చిపోయే విషయం కాదు. అంత పొడవు గోదారి గట్టు ఉండగా జనమంతా ఒక్క రేవు దగ్గర ఇరుక్కుపోయారు. ఊళ్ళోంచి గట్టుకి వచ్చే దారులు బాగుంటే జనం సర్దుకుంటారు. హేవలాక్ వంతెన పని 1897లో మొదలైంది, 1900 నుంచి దాదాపు నూరేళ్ళు రైళ్ళని మోసింది. 1997లో ఆపేశాక దాన్ని నడక వంతెన చేస్తామని ఎన్ని మాటలు విన్నామో. 2025లో అఖండ గోదావరి పేరుతో శంకుస్థాపన అయింది, మంచిదే, జరగాలని నేనూ కోరుకుంటున్నాను. కానీ ఆ వంతెన మీద నిలబడి కిందికి చూస్తే ఊరి మురుగు మోసే నల్లా ఛానల్ గోదాట్లో కలవడం కనపడకూడదు కదా. ముందు దాని సంగతి తేల్చాలి.

లెవెల్ మిషన్ (రిటైర్డ్ డ్రెయినేజీ ఇంజనీరు)

గట్టు గారు అడిగినదానికీ, అయిదు సెంట్ల వారు అడిగినదానికీ కలిపి చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

డెల్టాలో నేల వాలు మనం అనుకునేట్టు ఉండదు. ఏళ్ళ తరబడి వరద ఒండ్రు వేసి వేసి నది ఒడ్డే ఎత్తుగా ఉంటుంది, ఒడ్డు నుంచి దూరం వెళ్ళేకొద్దీ పల్లం. అందుకే 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర కాలంలో కాలువల్ని మెరక మీదుగా తీశారు. నీళ్ళు రెండు పక్కలకీ వాటంతట అవే దిగాలి. వాడిన నీరూ, వాన నీరూ పల్లాల వెంట డ్రెయిన్లలోకి చేరి సముద్రానికి పోవాలి. కాలువలకు దొరికిన శ్రద్ధ డ్రెయిన్లకు చాలాకాలం దొరకలేదు. 1964 ముంపు తరవాత మిత్రా కమిటీ వచ్చి డెల్టా డ్రెయిన్లన్నీ పరిశీలించింది. ఆ పనులకు డబ్బు కోసం 1968లో రైతుల మీద డ్రెయినేజీ సెస్ చట్టమే తెచ్చారు.

ఇక్కడ ఒక మాట గమనించండి. ఆ డ్రెయిన్ల లెక్కంతా వరి చేల కోసం వేసింది. వరి రెండు మూడు రోజులు నీళ్ళలో ఉన్నా తట్టుకుంటుంది కాబట్టి నీరు మెల్లగా దిగినా చాలనుకున్నారు. ఇల్లు మూడు రోజులు ఆగలేదు. పైగా గట్టు వేసిన ఎకరం చేను ఆరంగుళాల వాన నీటిని తనలో నిలబెట్టుకుంటుంది. ఆరంగుళాలంటే ఎకరానికి ఆరు లక్షల లీటర్లకు పైనే. పదెకరాల వెంచరుకి మెరక తోలి సిమెంటు రోడ్లు వేశారంటే అరవై లక్షల లీటర్లు గంటలో పక్కవాళ్ళ మీదికి వెళ్తాయి. మీ పాత వీధిలోకి వచ్చే నీరు అదేనండి, గట్టు గారూ.

అయిదు సెంట్ల వారిని నేను తప్పుపట్టను. ఆయన ఇల్లు ఎత్తు చేసుకోక తప్పదు. తప్పు లేఅవుట్ మంజూరులో ఉంది. ఆ పదెకరాల నీళ్ళు ఏ బోదెలోంచి, అంటే చేల మధ్య పిల్లకాలవలోంచి, ఏ మధ్యరకం డ్రెయిన్లోకి వెళ్తాయి, ఆ డ్రెయిన్‌కి మోసే శక్తి ఉందా అని అడగకుండా సంతకం పెట్టడంలో ఉంది. చాలా చోట్ల పంట బోదెని పూడ్చి దాని మీదే వెంచరు రోడ్డు వేశారు. పటంలో బోదె ఉంటుంది, నేల మీద ఉండదు.

భీమవరానికి ఇంకో చిక్కు ఉంది. యనమదుర్రు డ్రెయిన్ మన ఊరి మురుగు ఒక్కటే తేదు. మెట్టలో కురిసిన వాన ఎర్రకాలువ మీదుగా నందమూరు అక్విడక్టు (డ్రెయిన్ మీదుగా కాలువను దాటించే కట్టడం) కిందనుంచి దీంట్లోకే దిగుతుంది. కిందకి వెళ్తే సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీరు తీసుకోదు. మధ్యలో గుర్రపుడెక్క, ఆక్రమణలు. పైనుంచి తోపు, కిందనుంచి అడ్డు, ఊరు నడుమ ఉంది.

చేలగట్టు కౌలుదారు

ఇంజనీరు గారు నీళ్ళ లెక్క చెప్పారు, నేను మట్టి లెక్క చెప్తానండి. ఆ మెరక మట్టి ఎక్కణ్ణుంచి వస్తుందనుకున్నారు? ఒక ఎకరం తవ్వి చెరువు చేస్తారు, ఆ మట్టి ఇంకో ఎకరం మీద పోసి స్థలాలు చేస్తారు. రెండెకరాల వరి పోయింది. 2009లో వనామీ రొయ్య వచ్చాక మా చుట్టూ ఇదే. చెరువు పక్క చేనుకి ఉప్పు ఊట దిగి పండదు, వాళ్ళూ చెరువుకే ఇస్తారు. మాకు కౌలుకి భూమి దొరకదు.

ఎకరం వరి అంటే ఆకుమడి, దమ్ము, ఊడుపు, కలుపు, కోత, ఎంతమందికి కూలి! కోత మిషన్లు వచ్చాక సగం పోయింది, చెరువులొచ్చాక మిగతాదీ పోయింది. చెరువుకి ఒక కాపలా మనిషి చాలు. మా ఆవిడ రొయ్యల ప్లాంటుకి వ్యానులో వెళ్ళి వస్తుంది. 2025లో అమెరికా సుంకం పెంచినప్పుడు ఆ పని కూడా రోజూ ఉండేది కాదు.

ఇంకో సంగతి. మా ఊళ్ళో ఊడుపులకి బెంగాల్ ముఠాలు వస్తున్నాయి. మావాళ్ళు వెళ్ళిన చోటికి ఎవరో ఒకరు వస్తున్నారు. వాళ్ళు ఎక్కడ పడుకుంటున్నారో ఎవరైనా చూశారా? రేకుల షెడ్డులో ఇరవై మంది, ఒక పంపు. ఊరు ఖాళీ అయిపోయిందంటారు, ఈ మనుషులు ఎవరి లెక్కలోకీ రారు.

కోనసీమ కోడలు

కౌలుదారు అన్నయ్య గారూ, మీ ఆఖరి మాట దగ్గర ఆగిపోయాను.

నేను రాజోలు వైపు. మా వీధిలో కొత్త డాబాలన్నీ ఆడవాళ్ళు కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్ళల్లో పనిచేసి పంపిన డబ్బుతో లేచినవే. ముప్పై ఏళ్ళు నిండని ఆడమనిషిని ఆ దేశాలకు ఇంటిపనికి పంపకూడదని నిబంధన ఉంది. ఉన్నా ఏజెంట్లు విజిటింగ్ వీసా మీద పంపేస్తారు. అక్కడ ఏదైనా జరిగితే అడిగే దిక్కుండదు. మా తోడికోడలు అలాగే వెళ్ళింది. ఆవిడ కట్టిన ఇంట్లో గచ్చుకి పాలరాయి వేయించింది, మెట్లకి స్టీలు రెయిలింగ్ పెట్టించింది. ఆ ఇంట్లో ఆవిడ పట్టుమని నెల రోజులు ఉండలేదు. అత్తగారు ఒక్కరే ఒక గదిలో ఉంటారు, మిగతా గదులు వారానికోసారి ఊడ్చి మూసేస్తాం.

తిరిగొచ్చాక ఏం చేయాలి అన్నదే మా ప్రశ్న. ఇక్కడ బోరు వేస్తే ఉప్పు నీళ్ళు. కాలువ కట్టేసిన ఎండాకాలంలో మంచినీళ్ళ చెరువే గతి. పిల్లల చదువుకీ, పెద్దాసుపత్రికీ అమలాపురం దాటి కాకినాడో రాజమండ్రో వెళ్ళాలి. కాకినాడ, కోటిపల్లి రైలు పట్టాలు యుద్ధం రోజుల్లో 1940లో పీకేస్తే, మళ్ళీ రైలు తిరిగింది 2004లో. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా లైను 2000లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠల మీద వంతెనలు కట్టి ఆ రైలు నడిస్తే, ఇక్కడే ఉండి రోజూ పనికెళ్ళి వచ్చేవాళ్ళు ఎంతమంది ఉంటారో! 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రం అమలాపురం అయింది. ఆఫీసులు వచ్చాయి, అద్దెలు పెరిగాయి, మురుగు కాలవలు మాత్రం అప్పటివే.

సింధనూరు క్యాంపు మనవడు

నేను ప్రస్తుతం హైదరాబాద్ నిజాంపేటలో. మా తాతగారిది తణుకు దగ్గర. తుంగభద్ర డ్యాము 1953లో పూర్తయ్యాక ఇక్కడ ఉన్న కొద్ది భూమి అమ్మి కర్ణాటకలో సింధనూరు వైపు దానికి ఎన్నో రెట్లు కొన్నారు. నిజాంసాగర్ కింద ఇంకా ముందే వెళ్ళి క్యాంపులు (వలస రైతుల ఊళ్ళు) కట్టుకున్నవాళ్ళున్నారు, ఒడిశాలో హిరాకుడ్ కింద బర్గఢ్ వెళ్ళినవాళ్ళున్నారు. అంతకుముందు తరం కాకినాడ, కోరంగి రేవుల్లో ఓడెక్కి రంగూన్ పోయేది. 1930లో రంగూన్ రేవులో మన కూలీల మీద దాడులు జరిగాయి, 1942లో జపాన్‌వాళ్ళు వచ్చినప్పుడు ఎందరో కాలినడకన తిరిగొచ్చారు. డెల్టా ఎప్పుడూ మనుషుల్ని బయటికి పంపుతూనే ఉంది.

ఒక్క తేడా ఉంది. తాతలు వెళ్ళింది నీళ్ళున్న భూమి కోసం, అక్కడ ఊరే కట్టుకున్నారు. మేం వెళ్ళింది జీతం కోసం. జీతం కదిలితే మేమూ కదులుతాం. 2020లో కరోనా అప్పుడు నేనూ నా స్నేహితులూ ఇంటినుంచే పని అని తణుకు, పాలకొల్లు, భీమవరం వచ్చి ఉన్నాం. నెట్ బాగానే ఉంది. నేను తిరిగి వెళ్ళడానికి కారణం ఆఫీసు పిలవడం ఒకటి, రెండోది అద్దె ఇల్లు. ఖాళీ ఇళ్ళు బోలెడు, ఇచ్చేవాళ్ళు లేరు. అమెరికాలో ఉన్న అన్నదమ్ముల మధ్య పంపకాలు తేలవు, అద్దెకిస్తే ఖాళీ చేయరని భయం. కంబాలచెరువు గారు చెప్పిన పై అంతస్తుల సంగతీ ఇదే అయి ఉంటుంది.

కంబాలచెరువు సెంటర్

అదేనండి, నూటికి నూరుపాళ్ళు. ఒక మేడకి పదకొండు మంది వారసులు. మున్సిపాలిటీయే అయిదేళ్ళకో పదేళ్ళకో అద్దెకి తీసుకుని, మెట్లూ మరుగుదొడ్లూ వైరింగూ బాగుచేయించి, నర్సులకీ కొట్టు గుమాస్తాలకీ టీచర్లకీ ఇస్తే ఎవరి ఆస్తి ఎక్కడికీ పోదు. కాగితం మున్సిపాలిటీతో కాబట్టి ఖాళీ చేయరన్న భయమూ ఉండదు. దీనికి కొత్త భూమి సెంటు కూడా అక్కర్లేదు.

జగన్నాథపురం వంతెన

కాకినాడ మాట కూడా వినండి. 2016 జనవరిలో దేశంలో మొదటి ఇరవై స్మార్ట్ సిటీల్లో మా ఊరు ఉంది. కొన్ని రోడ్లు, పార్కులు, కెమెరాలు వచ్చాయి, కాదనను. మా వైపు ఉప్పుటేరు పక్కన బతికే జాలరి పేటలకి పెద్దగా ఒరిగింది లేదు. అదే సమయంలో దుమ్ములపేట దగ్గర మడ చెట్లు నరికి ఇళ్ళ స్థలాలకి చదును చేశారు, వ్యవహారం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళెవరూ మడ అడవి మీద చెయ్యి వేయరు. పేదవాళ్ళకి ఇల్లు ఇవ్వాల్సిందే, అది వాళ్ళ హక్కు. కానీ ముంపు భూమే వాళ్ళకి ఎందుకు రావాలి? రాజమండ్రి వైపు బూరుగుపూడి ఆవ భూముల (నీరు నిలిచే పల్లపు భూముల) విషయంలో కూడా ఇదే గొడవ.

ఉప్పాడలో సముద్రం ఇళ్ళని కోసుకుంటూ వస్తోంది. ఇల్లు పోయినవాళ్ళు మా పేటల్లో ఒక్కో గది అద్దెకి తీసుకుంటున్నారు. వలలు పెట్టుకునే చోటు లేక డాబా మీద ఆరేస్తున్నారు. పట్టణం బాగు చేయడమంటే వీళ్ళకి రేవు దగ్గరే చోటు దొరకాలి. పది కిలోమీటర్ల అవతల స్థలం పట్టా ఇస్తే తెల్లవారుజామున పడవ దగ్గరికి ఎలా వస్తారు?

అయిదు సెంట్ల స్థలం

అందరివీ చదివాను. లెవెల్ మిషన్ గారూ, మా లేఅవుట్లో కూడా వెనక వరస ఇళ్ళకి నీరు నిలుస్తోంది. పక్కన ఇంకో వెంచరు వచ్చింది, వాళ్ళు మాకంటే రెండడుగులు ఎక్కువ తోలారు. మాకు పంచాయతీ తప్ప మున్సిపాలిటీ లేదు, డ్రెయిన్ ఎవరిదంటే ఎవరూ చెప్పరు. నేను పాత పట్టణం వాళ్ళతో కలిసి అర్జీ పెట్టడానికి సిద్ధం.

పవర్‌పేట గేటు

ఏలూరు నుంచి. అర్జీలో తాగునీటి మాట కూడా రాయండి దయచేసి. 2020 డిసెంబరులో మా ఊళ్ళో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు, ఆ భయం ఇంకా పోలేదు. మురుగు ఎటు పోతోంది, పంపు నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి అనేవి ఒకే కాగితంలో ఉండాలి.

ఉండికాలువ గట్టు

చాలా సంతోషమండి అందరికీ. అయిదు సెంట్ల గారూ, మీరు ముందుకు రావడం పెద్ద విషయం. వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీకి పాత వీధి వాళ్ళు, మీ లేఅవుట్ వాళ్ళు కలిసి సంతకాలు పెడదాం. లెవెల్ మిషన్ గారూ, అందులో ఏం అడగాలో చెప్పండి. ఊరికే ‘డ్రెయిన్ బాగుచేయండి’ అని రాస్తే మళ్ళీ పూడిక తీసి ఫొటో పెడతారు.

లెవెల్ మిషన్

మూడు అడగండి. ఒకటి, మీ వీధి కాలవ, లేఅవుట్ కాలవ, అవి కలిసే తూము, ఆ పైన డ్రెయిన్, ఈ నాలుగింటి అడుగు లెవెళ్ళు ఒకే కొలత మీద తీసి కాగితం మీద ఇవ్వమనండి. ఎక్కడో ఒక తూము అడుగు కాలవకంటే ఎత్తులో ఉంటుంది, పట్టుబడేది అక్కడే. రెండు, రోడ్డు వేసేముందు పాత పొర గీకి తీయాలన్న షరతు టెండరులోనే రాయమనండి. మూడు, 2011 తరవాత మంజూరైన లేఅవుట్లలో పూడిపోయిన పంట బోదెల జాబితా రెవెన్యూ పటంతో పోల్చి ఇవ్వమనండి. జనగణన 2027లో జరగబోతోంది. మున్సిపాలిటీ హద్దు గీత అవతల ఎంతమంది ఉన్నారో అప్పుడు తేలుతుంది, ఆ పంచాయతీల్ని పట్టణంలో కలిపే మాట మళ్ళీ లేస్తుంది. ఈ కాగితాలు అప్పటికి మీ చేతిలో ఉండాలి. కౌలుదారు గారు చెప్పిన రేకుల షెడ్ల మనుషుల్ని కూడా గణన వాళ్ళకి మీరే చూపించండి.

ఆదివారం పొద్దున్నే నేను భీమవరం వస్తాను. నా దగ్గర ఎత్తుపల్లాలు కొలిచే పాత డంపీ లెవెల్ ఇంకా పనిచేస్తోంది. స్టాఫ్ (కొలత కర్ర) పట్టుకోవడానికి ఇద్దరు కుర్రాళ్ళని సిద్ధంగా ఉంచండి, తూము దగ్గరనుంచి మొదలుపెడదాం.